ఇజు నర్తకి (చలనచిత్రములు)

జపాను దేశపు కథకుడు కవబాత యసునారి (1899–1972) రచించిన చిన్న నవలికను ఆధారముగా గొని 1933 మొదలు 1974 వఱకు ఆ దేశమున నిర్మింపబడిన ఆఱు చలనచిత్రములకు ఇది ఉమ్మడి నామము. వీనిలో కడపటిదియు, నేటికిని తఱచుగా స్మరింపబడునదియు నగు 1974వ సంవత్సరపు చిత్రమున నాటి యువజనుల ఆరాధ్య గాయని యమగుచి మొమొయె నాయికగను, మియురా తొమొకాజు నాయకుడుగను నటించిరి. పాప్ సంగీతపు ఐడల్ తారలను నాయికలుగా నిలిపి, కథను తొందర లేక నడిపించు ప్రణయచిత్రముల శాఖ యొకటి జపానులో కలదు. దాని చరిత్రను ఈ యొక్క కథ వెంట నడచియే చాలవఱకు తెలిసికొనవచ్చును.

మూలకథ. 1918వ సంవత్సరపు శరదృతువున, పందొమ్మిదేండ్ల విద్యార్థియైన కవబాత తోక్యో నగరములోని ప్రథమోన్నత పాఠశాల వసతిగృహమును విడిచి ఇజు ద్వీపకల్పమునకు పోయి, అచట ఒక సంచార నాట్యబృందముతో పరిచయమొంది వారితో గూడ నడచెను. ఆ యనుభవము 1926లో 'బుంగెయి జిదాయి' పత్రికయందు రెండు భాగములుగా వెలువడెను. కథలో సంభవించునది స్వల్పము. అమగి కనుమ దాటి, 1905లో చెక్కుడు రాతితో కట్టిన సొరంగము గుండ ప్రయాణము సాగును. వాన కురియు రేయి విడిదిలో ఒంటరిగా కూర్చున్న విద్యార్థి, దూరమునుండి వినవచ్చు నర్తకి మద్దెల చప్పుడు వినబడినంతసేపు ఊరడిల్లి, అది యాగినంతనే కలవరపడును. యువతియని తాను తలచినది పదునాలుగేండ్ల బాలికయేయని మరునాడు తెలియగా అతని మనస్సు తేటపడును. యాచకులును సంచార నటకులును ప్రవేశింపరాదను పలక దారిలోని పల్లెల మొదట నిలిచియుండును. షిమోద రేవున వారు విడిపోవుదురు. అప్పుడు నర్తకి యొక్క మాటయైన పలుకలేక తల యూపి యూరకుండును. ఓడ కదలిన పిమ్మట విద్యార్థి కన్నీరు విడుచును. కవబాత 1968లో నోబెల్ బహుమానమును పొందెను.

తొలి చిత్రములు. మొదటి చిత్రమును 1933లో షోచికు సంస్థకై గోషో హెయినొసుకె తీసెను. 1931లో జపానునందు తొలి సంపూర్ణ శబ్దచిత్రమును నిర్మించి కీర్తి గడించిన ఈ దర్శకుడు, ఈ కథకు మాత్రము మరల మూకచిత్ర పద్ధతినే అవలంబించుట గమనింపదగినది. తనాక కినుయో నర్తకిగా నటించెను. మూలమున లేని బంగారు గని వృత్తాంతమొకటి ఇందు చేర్పబడెను. నర్తకి భవిష్యత్తు నెంచి విద్యార్థి తన యనురాగమును విడనాడునట్లు కథ మలచబడెను. ఆ తరువాత, యుద్ధకాలమును గూడ కలుపుకొని, ఇరువదియొక్క సంవత్సరములు ఈ కథ తెరపైకి రాలేదు.

1954లో షోచికు వారే దర్శకుడు నొమురా యొషితారోచే రెండవ చిత్రమును తీయించిరి. నర్తకి పాత్రధారిణి మిసొర హిబారి (1937–1989). ఓటమి పాలై శిథిలమైయున్న దేశమునకు తన బాల్యమునుండియే పాటలతో ధైర్యము నిచ్చిన ఈ గాయని ఆ పాత్రను ధరించుటతో, ఇజు నర్తకి యనగా ప్రజలు మెచ్చిన పాటకత్తెకు దక్కవలసిన పాత్ర యను భావమునకు బీజము పడెను. 1960లో కవజు యొషిరో దర్శకత్వమున వనిబుచి హరుకోయు, 1967లో ఒన్‌చి హిదెయో దర్శకత్వమున నైతో యోకోయు ఈ పాత్రను పోషించిరి.

1963వ సంవత్సరపు చిత్రము. నిక్కత్సు సంస్థ నిర్మించిన ఈ చిత్రమునకు దర్శకుడు నిషికావ కత్సుమి. కవబాత ఇజు దారిని నడచిన 1918వ సంవత్సరముననే ఈయన జన్మించెను. నాయిక యొషినాగ సయురి, నాయకుడు తకహాషి హిదెకి. హషి యుకియోతో కలిసి సయురి పాడిన యుగళగీతమునకు 1962లో జపాను రికార్డు బహుమానము లభించియుండెను. వృద్ధుడైన ఆచార్యుడు తన యౌవనమును జ్ఞప్తికి దెచ్చుకొనుచున్నట్లు కథను చెప్పి, వర్తమానమును నలుపు తెలుపులలోను, గతమును వర్ణములలోను చూపుట నిషికావ చేసిన చక్కని యోచన. రోగముతో మరణశయ్య నున్న వేశ్య యొకతె పాత్రను చేర్చి, సంచార నటకుల పిల్లలకు కాచుకొనియున్న దుర్దశను ఆయన సూచించెను. కవబాత స్వయముగా చిత్రీకరణ స్థలమునకు వచ్చి సయురిని చూచెను.

పరిశ్రమలో మార్పు. 1958లో జపాను సినిమాశాలలకు వచ్చిన ప్రేక్షకుల సంఖ్య సుమారు 112 కోట్ల 70 లక్షలు. 1970 దశాబ్దపు నడుమకు అది 20 కోట్లకు లోబడిపోయెను. దూరదర్శిని ఇంటింటను నెలకొనుటయే ఇందులకు ముఖ్యకారణము. నిక్కత్సు 1971లో శృంగారచిత్రములకు మరలెను. స్టూడియోలు తారలను ఒప్పందములతో పోషించు కాలము గతించి, గాయనీగాయకుల వ్యవహారములు చూచు సంస్థలే తమ తారలకు చిత్రములు కూర్చుట ఆరంభమయ్యెను. అట్టి సంస్థలలో హోరిప్రో యొకటి.

యమగుచి మొమొయె 1959లో జన్మించెను. దూరదర్శినిలో ప్రసారమైన 'స్టార్ తాంజో' పాటల పోటీ ద్వారా వెలుగులోనికి వచ్చి 1973లో తొలి రికార్డు నిచ్చెను. మోరి మసాకో, సకురద జుంకోలతో కలిపి ప్రజలు ఈమెను పాఠశాల బాలికల త్రయముగా పిలిచిరి. తోడి గాయనులు చిఱునవ్వులు చిందించుచుండ ఈమె నవ్వు అరుదు, స్వరము లోతైనది, చూపు నిలుకడ గలది. ఈ గుణములే పిమ్మట తెరపై ఈమెకు మిక్కిలి ఉపకరించినవి.

1974వ సంవత్సరపు చిత్రము. హోరిప్రో నిర్మింపగా తోహో సంస్థ దీనిని ఆ యేటి డిసెంబరు 28న, నూతన సంవత్సరపు పండుగ దినములకు విడుదల చేసెను. దర్శకుడు మరల నిషికావయే. ఒకే కథను రెండు తరముల తారలతో రెండు మారులు తీసిన భాగ్యము ఆయనకు దక్కెను. మొమొయెకు అప్పటికి పదునైదేండ్లు. మియురా తొమొకాజు (జననము 1952) అంతకుముందే గ్లికో చాక్లెట్టు ప్రకటనలో ఆమె సరసన కనిపించియుండెను. చిత్రపు నిడివి గంటన్నరకు లోపే యైనను, నడక నెమ్మది: కొండదారిలో బృందము నడచుచుండ కెమెరా వారి వెనుకనే యుండును, ముందుగా పరుగెత్తిపోయి నీటియూట కనుగొనిన బాలిక, విద్యార్థి మొదట త్రాగువఱకు తాను త్రాగక వేచియుండును. దేశమంతటను తన గానమును అమ్ముకొను గాయనిని తెచ్చి, రేవున పలుకు లేనిదానిగా నిలుపుటయే ఈ చిత్రపు గొప్పతనము. గాయక తారల చిత్రములన్నచో నాలుగు పాటలకు నడుమ కథ యని తలచువారికి ఇది తగిన సమాధానము. కడపటి దృశ్యములో, విందునందు మత్తుడైన అతిథి యొకడు నాట్యమాడుచున్న బాలికను పట్టుకొనగా ఆ క్షణముననే బొమ్మ నిలిచిపోవును. కవబాత తన కథలో చెప్పక విడిచిన దానిని నిషికావ ఈ యొక్క నిలిచిన బొమ్మతో చెప్పెను.

తరువాతి జంటచిత్రములు. ఈ విజయము మీదట మొమొయె, తొమొకాజులు 1980 వఱకు కలిసి నటించిరి. మిషిమ నవల 'షియొసాయి' (1975), 'జెష్షో' (1975), హొరి తత్సువో నవల 'కజె తచిను' (1976), తనిజాకి రచన 'షుంకిన్‌షో' (1976), 'దొరొదరకె నో జున్‌జో' (1977) మున్నగునవి వరుసగా వెలువడెను. వీనిలో 'షియొసాయి', 'దొరొదరకె నో జున్‌జో' రెండును మునుపు సయురి నటించిన కథలే. 'జెష్షో'ను నిషికావ 1966లో గాయకుడు ఫునాకి కజువోతో ఒకసారి తీసియుండెను. పూర్వతరపు కన్నీటి కథలను క్రొత్త గాయనికి ధరింపజేయుట పెట్టుబడికి క్షేమకరమైన మార్గమను మాట నిజమేయైనను, తల్లులు చూచిన కథను కుమార్తెలును చూచుటవలన సాహిత్యకృతులకు కలిగిన ప్రచారము తక్కువది కాదు. 1978లో ఒబయాషి నొబుహికో తీసిన 'ఫురిముకెబ ఆయి' మాత్రము పూర్వచిత్రముల ఛాయ లేని స్వతంత్ర కథ.

1980 అక్టోబరు 5న మొమొయె నిప్పోన్ బుదోకాన్ మందిరమున తుది కచేరి చేసి, చేతనున్న తెల్లని మైకును వేదికపై పెట్టి నిష్క్రమించెను. నవంబరు 19న తొమొకాజును వివాహమాడెను. వారి తుది జంటచిత్రము 'కొతో' ఆ డిసెంబరులో వచ్చెను. ఇదియు కవబాత నవలయే. దర్శకుడు ఇచికావ కొన్. క్యోతో నగరపు వస్త్రవర్తకుని యింట పెరిగిన చియెకోగను, కొండయూర దేవదారు చెట్ల నడుమ పనిచేయు ఆమె కవల సోదరి నాయెకోగను మొమొయె ద్విపాత్రాభినయము చేసెను. ఇరువదియొక్క యేండ్ల వయస్సున విరమించిన ఆమె పిమ్మట మరల తెరపైకి రాలేదు.

1981లో గాయని మత్సుద సెయికో, ఇతో సచియో నవల ఆధారముగా సవాయి షిన్‌ఇచిరో తీసిన 'నొగికు నో హాక'లో నటించెను. 1985లో 'షియొసాయి' హొరి చియెమితో మరల వచ్చెను. 2002లో దూరదర్శినికై తీసిన ఇజు నర్తకి కథలో మోర్నింగ్ ముసుమె బృందపు గోతో మకి నటించెను. నిషికావ ఈ ఆఱు చిత్రముల నిర్మాణచరిత్రను 1994లో గ్రంథముగా వెలువరించి, 2010లో మరణించెను. తోక్యోనుండి షిమోదకు పోవు వేగబండికి 1981 నుండి 'ఒదొరికో', అనగా నర్తకి, యను పేరే వాడుకలో నున్నది.