నానీ క్యారీ, నిజాంసాగర్ నీళ్లు

బోధన్‌లో మా నానీ ఇంటి సహన్‌లో ఒక క్యారీ ఉండేది. రెండు మంచాల పొడవు, ఒక మంచం వెడల్పు. చుట్టూ షాబాద్ బండలు, మధ్యలో జానెడు లోతున మట్టి. అందులో మోతియా, అంటే మన మల్లె. ఒక మూలకు దేశీ గులాబ్. గోడవారగా గుల్-ఎ-అబ్బాస్, తెలుగులో చంద్రకాంత అంటారే, అది. ఇంటిల్లిపాదీ వుజూ చేసే చోటు దాని పక్కనే. చేతుల మీంచి, కాళ్ల మీంచి జారిన లోటా నీళ్లు బండ వాలు వెంట పోయి క్యారీలో పడేవి. రోజుకు ఐదు పూటలు, ఏడెనిమిది మంది నీళ్లు. పూల కోసం ప్రత్యేకంగా నానీ బావిలోంచి నీళ్లు తోడడం నేను పెద్దగా చూడలేదు.

చాలా ఏళ్లకు నిజామాబాద్‌లో మేము ఇల్లు కట్టుకున్నాం. నాకూ పూల షౌక్ పుట్టింది. ఫోటోల్లో చూసినట్టు ఇటుకలతో రెండడుగుల ఎత్తున గట్టు కట్టించి, సిమెంటు పూయించి, లోపల మట్టి నింపించాను. మార్చి దాకా మాషా అల్లాహ్, చూడముచ్చటగా ఉంది. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరేసరికి పొద్దున పోసిన నీళ్లు జొహర్ కల్లా మాయం. గోడ మీద చెయ్యి పెడితే రొట్టెలు కాల్చే పెనంలా ఉంది. మల్లె కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. మా ఇంటికి వచ్చిన నానీ ఆ గట్టును ఒకసారి చూసి, "పానీ నీచే జాతా బేటా, తూ ఫూలాఁ ఊపర్ రఖ్ దియా!" అంది. నీళ్లేమో కిందికి పోతాయి, నువ్వేమో పూలను తీసుకెళ్లి మీద పెట్టావు అని.

నానీ బడికి పోలేదు. కానీ ఆమె చెప్పింది బాద్షాల మాలీలు చెప్పేదే.

1526లో పానీపత్ గెలిచి ఆగ్రా చేరిన బాబర్‌కు ఈ దేశంలో నచ్చనివి మూడు: ఎండ, వడగాలి, దుమ్ము. పారే నీళ్లు లేవన్నది ఆయన ఇంకో షికాయత్. ఆ సంగతి తన తుజుక్‌లో దాచుకోకుండా రాసుకున్నాడు. కానీ తిట్టుకుంటూ కూర్చోలేదు. యమునా ఒడ్డున బావి తవ్వించి, హౌజ్ కట్టించి, బాగ్ వేయించాడు. ఆయన వారసుల బాగ్‌లన్నిటిలో ఒక ఉసూల్ కనిపిస్తుంది: నడిచే దారి ఎత్తు, పూలుండే నేల పల్లం. తాజ్‌మహల్ తోటలో కూడా మొదట్లో అంతే. దారి పక్కనున్న నహర్ లోంచి వదిలిన నీళ్లు క్యారీలో నిండి, అక్కడే ఇంకేవి. దారి మీద నడిచేవాళ్లకు పూలన్నీ కాళ్ల దగ్గర పరిచిన ఖాలీన్‌లా కనిపించేవి. అందం, అవసరం రెండూ ఒక్క పనిలో తీరాయి.

ఇంకా దూరం పోతే స్పెయిన్ ఉంది. మన నిజామాబాద్ లాగే వేసవిలో మండిపోయే సెవిల్ నగరం. 12వ శతాబ్దంలో అక్కడే ఇబ్న్ అల్-అవ్వామ్ వ్యవసాయం మీద కితాబుల్ ఫిలాహా అనే పెద్ద గ్రంథం రాశాడు. ఆ ఊరి రాజమహల్‌లో ఒక సహన్ ఉంది. 14వ శతాబ్దంలో క్రైస్తవ రాజు పెద్రో కట్టించింది, పనితనం మాత్రం అందలుస్ ముస్లింల తరహాది. వందల ఏళ్లుగా అందరూ చూసింది పాలరాతి నేలనే. 2002 నుంచి 2005 దాకా తవ్వి చూస్తే ఆ రాతి కింద పల్లపు తోట బయటపడింది! ఇప్పుడు మళ్లీ చెట్లు పెట్టారు. పూలను పాతిపెట్టి పైన రాయి పరచడం మన కాలం వాళ్ల ఐబే అనుకునేవాణ్ణి, పాత జబ్బే.

మరి ఇది బయటినుంచి వచ్చిన ఇల్మా? తెలుగు మాటలు వింటే అలా అనిపించదు. 'మడి' అంటే ఏమిటి? చుట్టూ గట్టు ఉండి నీళ్లు నిలిచే చోటు. వరిమడి, ఆకుమడి, పూలమడి. చెట్టుకు 'పాదు' తీస్తాం, మొదలు చుట్టూ పల్లం చేస్తాం. ఎండ దేశంలో మొక్క ఎక్కడుండాలో ఆ మాటల్లోనే ఉంది. ఉర్దూవాళ్ల క్యారీ, తెలుగువాళ్ల మడి ఒకే సహన్‌లో కలిశాయి. నానీ రెండు మాటలూ వాడేది, ఆమెకు తేడా తెలియదు.

మా ప్రాంతంలో ఈ కథకు నిజాంసాగర్ తోడైంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హుకూమత్‌లో, 1923లో మంజీరా మీద పని మొదలైంది, 1931లో పూర్తయింది. నక్షా గీసి నిలబెట్టింది నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన రోజు జులై 11ని తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలని మన్సూబా. కాలువ వచ్చింది, చెరకు వచ్చింది, 1937లో బోధన్‌కు నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, శక్కర్‌నగర్ వెలిసింది. కాలువ పారే చోట బావుల్లో నీళ్లు పైకొస్తాయి. బావి నిండితే సహన్ పచ్చబడుతుంది. చెరకు నరికాక మిగిలిన ఎండుటాకు, రైతులు చెరకు చెత్త అంటారు, నానీ మోపుగా తెప్పించి వేసవికి ముందే క్యారీలో పరిచేది. దాని కింద వేలు పెడితే మే నెలలోనూ మట్టి చల్లగా తగిలేది.

తర్వాతి సంగతి మీకు తెలిసిందే. దాదాపు 30 టీఎంసీలు పట్టేలా కట్టిన సాగర్‌లో పూడిక చేరి 12కు పడిపోయింది. మళ్లీ ఎత్తు పెంచి 17.8కి తెచ్చారు. పైన సింగూరు కట్టాక మంజీరా వాటాలు మారాయి. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇక్కడ మా ఇళ్లల్లో సహన్‌లు పార్కింగ్ అయ్యాయి. బండలు తీసి సిమెంటు పోశాం, ఆ సిమెంటు వేడికి సాయంత్రం కూడా బయట కూర్చోలేకపోతున్నాం.

సాయంత్రం అంటే గుర్తొచ్చింది. నానీ క్యారీలో పగటి పూట చూడడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. గుల్-ఎ-అబ్బాస్ అసర్ వేళకు విచ్చుకునేది. మల్లె మగ్రిబ్ కు. రాత్ కీ రానీ ఇషా తర్వాత ఖుష్బూ వదిలేది. మంచాలు బయట వేసుకునే వేళకు పూలు తయారు. మనుషులు ఎప్పుడు సహన్‌లోకి వస్తారో అప్పుడే పూసే మొక్కల్ని ఎంచుకున్నారు మన ఆడవాళ్లు. తమాషా ఏమిటంటే గుల్-ఎ-అబ్బాస్, రాత్ కీ రానీ రెండూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే.

పోయినేడు నా గట్టును కొట్టించేశాను. మాది నల్లరేగడి. వేసవిలో పగుళ్లు ఇస్తుంది, వానల్లో నీళ్లు దిగనివ్వదు. అందుకని రెండడుగులు తవ్వి, ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, నేల కంటే నాలుగు వేళ్లు తక్కువగా నింపాను. ఒక మూల బెజ్జం పెట్టించాను. ఎండాకాలం దానికి గుడ్డ కుక్కి, మిరుగు రాగానే తీసేయాలి. లేకపోతే నీళ్లు నిలిచి మల్లె వేళ్లు కుళ్లిపోతాయి. నానీ ఇంటి క్యారీకీ అలాంటి మోరీ ఉండేది, చిన్నప్పుడు దాన్ని మూసింది మేమే, తిట్లు తిన్నదీ మేమే. వుజూ నీళ్లు ఇటు మళ్లించాను. గుస్ల్‌ఖానా నీళ్లు సబ్బు కాబట్టి వేరే పోతాయి. నవంబర్ చివర్లో నీళ్లు ఆపేసి, జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేసి, ఎరువేసి మళ్లీ తడి ఇచ్చాను. మార్చి రెండో వారంలో మొదటి మొగ్గలు కనిపించాయి. గిన్నెలో వేసి నానీకి పంపాను. ఆమె ఫోన్ చేసి, చెరకు చెత్త వేశావా లేదా అని అడిగింది.