భారత ఉక్కు పరిశ్రమ

ముడి ఉక్కు ఉత్పత్తిలో భారతదేశం 2018లో జపాన్‌ను దాటి ప్రపంచంలో రెండో స్థానానికి చేరింది. 2023–24లో ఉత్పత్తి సుమారు 14.4 కోట్ల టన్నులు. మొదటి స్థానంలో ఉన్న చైనా ఏటా సుమారు వంద కోట్ల టన్నులు తీస్తోంది కాబట్టి ఈ రెండో స్థానం వినడానికి ఉన్నంత ఘనమైనదేమీ కాదు. తలసరి వినియోగం వంద కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంది. ప్రపంచ సగటు అంతకు రెట్టింపు. ఇనుప ఖనిజానికి ఈ దేశంలో ఏనాడూ కొరత లేదు. కొరతంతా మంచి బొగ్గుకు, పెట్టుబడికి, సకాలంలో తీసుకునే నిర్ణయానికి.

ఉక్కు తయారీ ఇక్కడ కొత్త విద్య కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. బ్రిటన్ నుంచి చౌక ఇనుము దిగడం, కట్టెబొగ్గునిచ్చే అడవుల మీద ఆంక్షలు రావడంతో ఆ కొలుములు చల్లారిపోయాయి. 1830లలో తమిళ తీరంలోని పరంగిపేటలో జోసయా హీత్ అనే ఆంగ్లేయుడు పెట్టిన కర్మాగారమూ నిలబడలేదు.

1904లో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్, మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఖనిజం ఉందని జంషెడ్‌జీ టాటాకు లేఖ రాశారు. అదే ఏడు జంషెడ్‌జీ కన్నుమూశారు. ఆయన కుమారుడు దొరాబ్జీ పెట్టుబడి కోసం లండన్ వెళితే అక్కడ ఎవరూ ముందుకు రాలేదు. స్వదేశీ ఉద్యమం ఊపులో ఉన్న 1907లో బొంబాయిలో వాటాలు అమ్మకానికి పెడితే, సుమారు ఎనిమిది వేల మంది భారతీయులు మూడు వారాల్లో మొత్తం కొనేశారు. 1912 ఫిబ్రవరిలో సాక్చిలో, అంటే నేటి జంషెడ్‌పూర్‌లో, తొలి ఉక్కు దిమ్మె తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధం గిరాకీ తెచ్చింది. యుద్ధం ముగిశాక విదేశీ ఉక్కు ముంచెత్తితే 1924లో రక్షణ సుంకాల చట్టం ఆదుకుంది.

రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో సోవియట్ సాయంతో భిలాయి, పశ్చిమ జర్మనీ సాయంతో రూర్కెలా, బ్రిటన్ సాయంతో దుర్గాపూర్ వచ్చాయి. బొకారోకు అమెరికా సాయం అందక మళ్లీ సోవియట్ యూనియనే దిక్కయింది. 1973లో ప్రభుత్వ ఉక్కు సంస్థ ‘సెయిల్’ ఏర్పడింది. ఈ కర్మాగారాలను కట్టిన తీరు కంటే నడిపిన తీరే ఎక్కువ దెబ్బ తీసింది. 1956 నుంచి రవాణా చార్జీల సమీకరణ విధానం కింద దేశంలో ఎక్కడ కొన్నా ఉక్కుకు ఒకే ధర. గనులున్న బిహార్, ఒడిశా, బెంగాల్‌లకు ఆ దగ్గరితనం ఏమాత్రం కలిసిరాలేదు; ఉక్కును వాడే పరిశ్రమలు పశ్చిమాన, దక్షిణాన వెలిశాయి. ధరలను, కేటాయింపులను ఢిల్లీయే నిర్ణయించేది కాబట్టి నల్లబజారూ పెరిగింది. ఈ రెండు కట్టుబాట్లనూ 1992లో ఎత్తేశారు.

ప్రభుత్వ రంగంలో జాప్యం ఏం చేస్తుందో విశాఖ ఉక్కు చెబుతుంది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగితే, కర్మాగారం జాతికి అంకితమైంది 1992 ఆగస్టులో. అప్పటికి అంచనా వ్యయం, వడ్డీ భారం కొండలా పెరిగాయి. అంతకు మించిన లోపం, దానికి సొంత ఇనుప గని ఇవ్వకపోవడం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో విశాఖ రేవుకు వచ్చి జపాన్ ఓడలెక్కింది. రేవు పక్కనున్న కర్మాగారం మాత్రం అదే ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనుక్కుంది. 2021లో కేంద్రం నూరు శాతం వాటా అమ్మాలని నిర్ణయించింది. 2024లో ఒక దశలో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒక్కటే పనిచేసింది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. సొంత గని లేకుండా ఎంత సొమ్ము పోసినా అది ఊరట మాత్రమే.

గనులున్న కర్మాగారాలకూ తప్పని తంటా కోకింగ్ బొగ్గు. బ్లాస్ట్ ఫర్నేసులో ఆ బొగ్గుతో చేసిన కోక్ పని మండటంతో సరిపోదు. పైనుంచి పడే ఖనిజం, సున్నపురాయి బరువు మోస్తూ, కరగకుండా నిలబడి, సందుల్లోంచి వేడిగాలిని పైకి పోనివ్వాలి. బూడిద ఎక్కువున్న బొగ్గుతో చేసిన కోక్‌కు ఆ గట్టిదనం ఉండదు. చిట్టెం కూడా పెరుగుతుంది. మన బొగ్గులో ఉన్నదే ఆ బూడిద. మేలురకం దొరికే ఝరియాలో 1916 నుంచి భూగర్భ మంటలు రగులుతున్నాయి. దాంతో అవసరంలో దాదాపు 85 శాతం దిగుమతే, అందులో పెద్ద వాటా ఆస్ట్రేలియాది. అక్కడి క్వీన్స్‌లాండ్‌లో వరదలొస్తే ఇక్కడ ఖర్చుల లెక్కలు తారుమారవుతాయి.

ఈ ఇబ్బందిని తప్పించుకునే దారిగా, కోక్ లేకుండా, ఖనిజాన్ని కరిగించకుండానే తీసే స్పాంజ్ ఐరన్ వచ్చింది. మామూలు బొగ్గుతో దాన్ని తీసే దేశంలోని తొలి కర్మాగారం 1980లో పాల్వంచలో మొదలైంది. స్పాంజ్ ఐరన్‌లో నేడు భారత్‌దే ప్రపంచంలో ప్రథమ స్థానం. 1991లో లైసెన్సులు రద్దయ్యాక కర్ణాటకలోని తోరణగల్లు, గుజరాత్‌లోని హజీరా వంటి చోట్ల ప్రైవేటు కర్మాగారాలు పెరిగాయి. 2008 తర్వాత ధరలు పడిపోయి ఆ రంగం అప్పుల్లో కూరుకుంది. 2017లో రిజర్వు బ్యాంకు దివాలా ప్రక్రియకు పంపిన 12 పెద్ద ఖాతాల్లో అయిదు ఉక్కు సంస్థలవే. చైనా మిగులు ఉక్కు ముంచెత్తుతోందని 2025 ఏప్రిల్‌లో 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం వేశారు. ఈ తాకిడి 1920ల నుంచీ ఉన్నదే, పంపే దేశం మారిందంతే.

2030–31 నాటికి సామర్థ్యం 30 కోట్ల టన్నులకు చేరాలన్నది 2017 జాతీయ ఉక్కు విధానం లక్ష్యం. దానికి కొత్తగా అడ్డుపడుతున్నది కర్బనం. భారత్‌లో టన్ను ఉక్కుకు సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ప్రపంచ సగటు రెండు టన్నుల లోపే. బొగ్గుతో తీసే స్పాంజ్ ఐరన్ ఈ లెక్కను ఇంకా పెంచుతుంది. 2024 డిసెంబరులో కేంద్రం ‘హరిత ఉక్కు’ గీతను 2.2 టన్నుల వద్ద గీసింది. దేశ సగటు ఇంకా ఆ గీతకు పైనే ఉండగా, యూరప్ సమాఖ్య కర్బన సుంకం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.