హాస్టల్లో మెనింజైటిస్: పక్కన పడుకున్న పిల్లలకూ మందు వేయాలి

జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఒంటిమీద నొక్కినా చెరగని మచ్చలు - అన్నీ కనబడేదాకా ఆగొద్దు. పసిబిడ్డకైతే మాడు ఉబ్బుతుంది, పాలు తాగదు. ఆస్పత్రిలో సెఫ్ట్రియాక్సోన్ వంటి యాంటీబయాటిక్ నరానికి వెంటనే ఎక్కించాలి. వెన్నునీటి పరీక్ష ఆలస్యమైతే మందు ఆపకూడదు.

కారణం మెనింగోకోకస్ అయితే, రోగితో ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉన్నవారికి వీలైతే 24 గంటల్లోపే నివారణ మందు ఇవ్వాలి: రిఫాంపిసిన్ 2 రోజులు, లేదా సెఫ్ట్రియాక్సోన్ ఒక్క ఇంజెక్షన్. సంక్షేమ హాస్టల్లో పక్కపక్కనే పడుకునే పిల్లలంతా ఈ లెక్కలోకే వస్తారని మేము అంటున్నాం. మందు వేయకుండా ఇళ్లకు తోలేస్తే క్రిమి వాడకు చేరొచ్చు.

6, 10, 14 వారాలకు ఉచితంగా వేసే పెంటావాలెంట్‌లో హిబ్ టీకా ఉంది. న్యుమోకోకల్ టీకా కూడా ఉచితమే. మెనింగోకోకల్ టీకా మాత్రం జాతీయ పట్టికలో లేదు. కూలి కుటుంబాలైనా కొనుక్కోవాల్సిందే.