వంతెన మీద ఒక ఉరి, నిర్మల్‌లో వెయ్యి ఉరులు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన ఆదివారం మా హాస్టల్లో ఆరుగురం ఒక్క ఫోన్ చుట్టూ కూర్చొని పాత నలుపు తెలుపు సినిమా ఒకటి చూశాం. తెలుగులో చెప్పాలంటే ‘గుడ్లగూబ వాగు వంతెన మీద ఒక సంఘటన’. అరగంట కూడా ఉండదు. మాటలు బాగా తక్కువ, కాబట్టి ఇంగ్లీషు రాదని భయపడే పని లేదు. తీసింది ఫ్రాన్స్ దర్శకుడు రోబేర్ ఎన్రికో. 1962లో కాన్ చిత్రోత్సవంలో చిన్న సినిమాలకిచ్చే పెద్ద బహుమతి దీనికే వచ్చింది, తర్వాత ఆస్కార్ కూడా. కథ మాత్రం అమెరికాది. ఆంబ్రోస్ బియర్స్ 1890లో రాశాడు.

కథ చెప్పేస్తున్నాం, చూడాలనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి. రైలు వంతెన మీద సైనికులు ఒకాయన మెడకు తాడు వేసి నిలబెడతారు. చెక్క జారుతుంది, తాడు తెగుతుంది, ఆయన నీళ్లలో పడతాడు. కట్లు విప్పుకొని, తూటాలు తప్పించుకొని, అడవిలో పడి ఇంటికి ఉరుకుతాడు. గేటు దానంతటదే తెరుచుకుంటుంది. భార్య ఎదురొస్తుంది. చేతికి అందేలోపు మెడ వెనక్కి విరుగుతుంది. తాడు తెగనే లేదు. మనం చూసిందంతా ఆయన పడిపోయే ఆ కాసేపట్లో మనసులో జరిగింది. ఎవ్వరం మాట్లాడలేదు. ఒక తమ్ముడైతే కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత అసలు కథ వెతికి చదివాం. అక్కడ దెబ్బ తగిలింది. ఆ ఉరి పడినాయన అలబామాలో బానిసలున్న భూస్వామి. బియర్స్ ఆ మాట దాచలేదు, సినిమాలోనే అది కనబడదు. 1860 జనాభా లెక్కల్లో అలబామాలో సుమారు 9.6 లక్షల మంది ఉంటే, వాళ్లలో 4.35 లక్షల మంది బానిసలు. ఆ బానిసత్వం నిలుపుకోవడానికే దక్షిణ రాష్ట్రాలు విడిపోయి 1861 నుంచి 1865 దాకా యుద్ధం చేశాయి. "అంటే మనం ఏడ్చింది దొర కోసమా?" అన్నాడు కళ్లు తుడుచుకున్న తమ్ముడే.

రాత్రి మెస్సులో కూడా ఇదే గొడవ. సినిమా సగం నిజం దాచిందని కొందరం, ఉరి ఎవరికైనా ఉరే కదా అని కొందరం. మాకు మాత్రం బియర్స్ దగ్గరే ఆగాలనిపించింది. ఆయన ఉత్తరాది సైన్యంలో కొట్లాడినోడు, 1864లో తలకు తూటా తగిలింది. అంటే ఉరి పడినాయన ఆయనకు శత్రువే. అయినా ఆ శత్రువు చివరి ఊపిరి ఎట్లుంటదో కూర్చొని రాశాడు.

అదే 1860లో మన నిర్మల్‌లో ఏమైందో తెలుసు కదా. ఇంగ్లీషోళ్ల మీద, నిజాం మీద తిరగబడ్డ రాంజీ గోండును, ఆయనతో ఉన్నోళ్లను మర్రిచెట్టుకు ఉరి తీశారు. వెయ్యి మంది అంటారు, అందుకే అది వెయ్యి ఉరుల మర్రి అయింది. ఆ చెట్టు కూడా ఇప్పుడు లేదు. వాళ్లల్లో ఎవరు ఏ గూడెం గుర్తు చేసుకున్నారో, ఎవరి భార్య ఎదురొచ్చినట్టు కనిపించిందో రాసినోడు మాకు ఇంతవరకు దొరకలేదు. మేం చదివిన పుస్తకాల్లో రాంజీ పేరు తప్ప రెండో పేరు లేదు.

నిర్మల్, ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు వాళ్లెవరైనా ఉంటే, మీ తాతలు, అవ్వలు ఆ మర్రి గురించి చెప్పిన పేరు ఒక్కటైనా ఉంటే కింద రాయండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మేం కూడా అడుగుతాం.