ట్విన్ పీక్స్: ది రిటర్న్ - అభిమానుల స్పందన

ట్విన్ పీక్స్: ది రిటర్న్ అమెరికాలోని షోటైమ్ ఛానెల్‌లో 2017 మే 21 నుండి సెప్టెంబరు 3 వరకు 18 భాగాలుగా ప్రసారమైన టెలివిజన్ ధారావాహిక. 1990-91లో ఎ.బి.సి. ఛానెల్‌లో వచ్చిన ట్విన్ పీక్స్ కథకు ఇది పాతికేళ్ళ తరువాతి కొనసాగింపు. రెండింటినీ డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ కలిసి సృష్టించారు. కొత్త ధారావాహికలోని 18 భాగాలకూ లించే దర్శకత్వం వహించాడు. దీనికోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన అభిమానులు, అది వచ్చిన తరువాత అంత తీవ్రంగానూ వాదించుకున్నారు. పాత ఊరిని, పాత మనుషులను మళ్ళీ చూడాలన్న ప్రేక్షకుల కోరికను ఈ ధారావాహిక చాలాకాలం తీర్చలేదు. చివరకు ఆ కోరికనే కథావస్తువుగా చేసుకుంది. ఇది అభిమానులకు చేసిన అన్యాయమా, లేక వారిపట్ల చూపిన నిజాయితీయా అన్నదే వాదనకు మూలం.

గమనిక: ఈ వ్యాసంలో కథ ముగింపుకు సంబంధించిన వివరాలు ఉన్నాయి.

నేపథ్యం

వాషింగ్టన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ట్విన్ పీక్స్ అనే కల్పిత పట్టణంలో లారా పామర్ అనే విద్యార్థిని శవం ప్లాస్టిక్ షీటులో చుట్టబడి నీటి ఒడ్డున దొరకడంతో అసలు కథ మొదలవుతుంది. హత్యను పరిశోధించడానికి ఎఫ్.బి.ఐ. అధికారి డేల్ కూపర్ (కైల్ మెక్‌లాక్లన్) వస్తాడు. 1990 ఏప్రిల్ 8న ప్రసారమైన తొలి భాగాన్ని అమెరికాలో దాదాపు మూడున్నర కోట్ల మంది చూశారు. లారాను చంపినది బాబ్ అనే దుష్టశక్తి ఆవహించిన ఆమె తండ్రేనని 1990 నవంబరులో తేలిపోయాక ప్రేక్షకుల సంఖ్య పడిపోయింది. 1991 ఫిబ్రవరిలో ఛానెల్ ప్రసారాన్ని ఆపివేసినపుడు అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి ఉత్తరాల ఉద్యమం నడిపారు. మిగిలిన భాగాలు ప్రసారమై, 1991 జూన్ 10న ధారావాహిక ముగిసింది. ఆ ముగింపులో కూపర్ బ్లాక్ లాడ్జ్ అనే అతీంద్రియ లోకంలో చిక్కుకుపోగా, బాబ్ ఆవహించిన అతని ప్రతిరూపం బయటి ప్రపంచంలోకి వస్తుంది. 25 ఏళ్ళ తరువాత మళ్ళీ కలుస్తానని లారా ఎర్ర తెరల గదిలో కూపర్‌తో అంటుంది. కథ అక్కడే ఆగిపోయింది.

1992లో వచ్చిన ఫైర్ వాక్ విత్ మి చలనచిత్రం లారా చివరి రోజుల కథ. కూపర్ ఏమయ్యాడో తెలుసుకోవాలని వచ్చిన ప్రేక్షకులను అది నిరాశపరచింది. ఆ తరువాతి కాలంలోనే దానికి గౌరవం దక్కింది. 1992 నుండి 2005 వరకు వెలువడిన రాప్డ్ ఇన్ ప్లాస్టిక్ అనే పత్రిక, చిత్రీకరణ జరిగిన స్నోక్వాల్మీ, నార్త్ బెండ్ ప్రాంతాలలో అభిమానులు జరుపుకున్న ఉత్సవాలు ఈ ధారావాహిక జ్ఞాపకాన్ని నిలిపి ఉంచాయి.

పునరాగమన ప్రకటన

2014 అక్టోబరు 3న లించ్, ఫ్రాస్ట్ ఇద్దరూ పాత ధారావాహికలోని ఒకే సంభాషణను ఒకే సమయంలో ట్విట్టర్‌లో పెట్టారు. అభిమానులకు ఆ సూచన చాలు. మూడు రోజుల తరువాత, తొమ్మిది భాగాలతో కొత్త ధారావాహిక రానున్నదని షోటైమ్ ప్రకటించింది. అయితే 2015 ఏప్రిల్‌లో, తగినంత బడ్జెట్ ఇవ్వడం లేదంటూ లించ్ తప్పుకున్నాడు. లించ్ లేని ట్విన్ పీక్స్ ఎలా ఉంటుందో తలా ఒక పోలికతో చెబుతూ పాత నటీనటులు ఒక వీడియో విడుదల చేశారు. అభిమానులు వారికి తోడయ్యారు. మే నెలలో లించ్ తిరిగి వచ్చాడు. భాగాల సంఖ్య కూడా పెరిగి చివరకు 18 అయింది. కనుక ఈ ధారావాహికను దక్కించుకోవడంలో తమకూ పాత్ర ఉన్నదని అభిమానులు భావించడంలో వింత లేదు. తరువాత కలిగిన నిరాశ తీవ్రతకు ఇదీ ఒక కారణమే.

తొలి ప్రసారాన్ని ఆ రోజు టెలివిజన్‌లో చూసినవారు 5 లక్షల 6 వేల మంది మాత్రమే. కానీ షోటైమ్ చందా కట్టి చూసే ఛానెల్. ఇంటర్నెట్ ద్వారా చూసినవారు ఈ లెక్కలోకి రారు. కనుక 1990 నాటి అంకెతో దీనిని నేరుగా పోల్చడం సరికాదు.

డౌగీ జోన్స్ వివాదం

కొత్త కథలో కూపర్ బ్లాక్ లాడ్జ్ నుండి బయటపడతాడు కానీ, తన జ్ఞాపకాలు, తెలివి వెంట రావు. లాస్ వేగాస్‌లో భార్యాబిడ్డలతో ఉంటున్న డౌగీ జోన్స్ అనే బీమా ఉద్యోగి స్థానంలోకి చేరి, ఎదుటివారి మాటలలో చివరి ముక్కను తిరిగి పలుకుతూ, కాఫీ కనిపిస్తే సంబరపడుతూ పసిబిడ్డలా తిరుగుతాడు. పాత కూపర్ చురుకుదనాన్ని, మాటతీరును ఆరాధించినవారికి ఇది పెద్ద దెబ్బ. ఒకటి రెండు భాగాలలో తేరుకుంటాడని అందరూ అనుకున్నారు. అతడు తేరుకున్నది ఆగస్టు 27న వచ్చిన 16వ భాగంలో. అంటే మూడు నెలల నిరీక్షణ.

ఈ కాలంలో ప్రేక్షకులు రెండుగా చీలిపోయారు. దర్శకుడు తమ సహనంతో ఆడుకుంటున్నాడని ఒక వర్గం ఆరోపించింది. ఏడవ భాగంలో ఒక వ్యక్తి రోడ్‌హౌస్ బారు నేలను రెండు నిమిషాలకు పైగా ఊడ్చే దృశ్యాన్ని వీరు తరచు ఉదహరించేవారు. రెండవ వర్గం డౌగీలోనే కరుణ, హాస్యం చూసింది. చుట్టూ ఉన్నవారు అతని ప్రతిధ్వనులనే గొప్ప మాటలుగా భావించడం, అతని రాకతో ఒక ఇల్లు చక్కబడడం వీరికి నచ్చాయి. పాతికేళ్ళు పోగొట్టుకున్న మనిషి లేచిన వెంటనే మునుపటిలా ఉండలేడు కదా అన్నది వీరి వాదం. ఇందులో బలం ఉన్నది. 16వ భాగంలో కూపర్ లేచి, పాత శీర్షిక సంగీతం వినిపించినపుడు మాత్రం రెండు వర్గాలూ ఒక్కటయ్యాయి. ఆ సంతోషం సరిగ్గా ఒక వారం నిలిచింది.

ఎనిమిదవ భాగం

జూన్ 25న ప్రసారమైన ఎనిమిదవ భాగం మరొక మలుపు. నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం పాట తరువాత కథ 1945 జూలై 16న న్యూమెక్సికోలో జరిగిన తొలి అణుపరీక్షకు వెళుతుంది. హిరోషిమా మృతుల స్మృతిలో పెండరెట్స్కీ కూర్చిన సంగీతం వినిపిస్తుండగా కెమెరా ఆ పేలుడు లోపలికి ప్రవేశిస్తుంది. అక్కడి నుండి చాలా భాగం నలుపు తెలుపులలో, దాదాపు మాటలు లేకుండా నడుస్తుంది. అమెరికన్ టెలివిజన్‌లో ఇటువంటిది ముందెన్నడూ రాలేదని చాలామంది విమర్శకులు రాశారు. బాబ్ అనే దుష్టశక్తి పుట్టుకకు ఇది వివరణ అని అభిమానులలో ఎక్కువమంది గ్రహించారు. అయితే ఒక చిన్న ఊరి ఇంట్లో తండ్రి చేసిన ఘోరానికి అణుబాంబు మూలమని చెప్పడం ఆ ఘోరాన్ని పెద్దది చేస్తున్నదా, తండ్రిని బాధ్యత నుండి తప్పిస్తున్నదా అన్న పాత ప్రశ్న మళ్ళీ లేచింది. మరుసటి వారం ప్రసారం లేకపోవడంతో చర్చకు పదిహేను రోజుల వ్యవధి దొరికింది.

వృద్ధాప్యం, మరణం

కొత్త ధారావాహికను అభిమానులు ఏకగ్రీవంగా మెచ్చుకున్నది వయసు మళ్ళిన నటీనటులను దాపరికం లేకుండా చూపడంలో. దుంగను చేతబట్టుకొని తిరిగే స్త్రీ పాత్రధారిణి క్యాథరిన్ కౌల్సన్ తీవ్ర అనారోగ్యంతో ఉండి తన దృశ్యాలలో నటించి, 2015 సెప్టెంబరులో మరణించింది. 15వ భాగంలో ఆ పాత్ర ఫోనులో చెప్పే వీడ్కోలు నటి వీడ్కోలు కూడా అని ప్రేక్షకులకు తెలుసు. అదే భాగంలో ఎడ్, నార్మా ఏళ్ళ నాటి ఎడబాటు తరువాత ఒక్కటవుతారు. మిగేల్ ఫెరర్ ప్రసారానికి ముందే, 2017 జనవరిలో కన్నుమూశాడు. హ్యారీ డీన్ స్టాంటన్ ప్రసారం ముగిసిన కొద్దిరోజులకే మరణించాడు.

దీనికి భిన్నంగా ఆడ్రీ హార్న్ (షెర్లిన్ ఫెన్) విషయంలో అసంతృప్తి మిగిలింది. 12వ భాగం వరకు ఆమె కనిపించదు. 16వ భాగంలో ఒక తెల్లని గదిలో అద్దం ముందు తెల్లబోయిన ముఖంతో ఆమె కథ తెగిపోతుంది. స్త్రీ పాత్రలపై హింస చిత్రణ గురించి కూడా విమర్శలు వచ్చాయి.

ముగింపుపై వాదోపవాదాలు

సెప్టెంబరు 3న చివరి రెండు భాగాలు వరుసగా ప్రసారమయ్యాయి. 17వ భాగంలో బాబ్ నాశనమవుతాడు. కూపర్ కాలంలో వెనక్కి, లారా హత్య జరిగిన 1989 నాటి రాత్రికి వెళ్ళి ఆమె చేయి పట్టుకొని నడిపిస్తాడు. 1990 నాటి తొలి దృశ్యాలు మళ్ళీ తెరపైకి వస్తాయి కానీ, ఒడ్డున శవం ఉండదు. అంతలోనే అడవిలో లారా మాయమవుతుంది. 18వ భాగంలో కూపర్ టెక్సాస్‌లోని ఒడెస్సాలో క్యారీ పేజ్ పేరుతో ఉన్న స్త్రీని (షెరిల్ లీ) లారాగా భావించి, రాత్రంతా కారు నడిపి ఆమె ఇంటికి తీసుకువస్తాడు. ఆ ఇంట్లో వేరెవరో ఉన్నారు. పామర్ల పేరే వారెరుగరు. ఇది ఏ సంవత్సరమని కూపర్ అయోమయంగా అడుగుతాడు. లోపలి నుండి లారా తల్లి పిలుపు లీలగా వినిపిస్తుంది. క్యారీ కేక పెడుతుంది. ఇంటి దీపాలు ఆరిపోతాయి.

పాతికేళ్ళ క్రితంలాగే మళ్ళీ అర్ధాంతరంగా వదిలేశారని కోపించినవారు ఎందరో. 17వ భాగంతోనే కథ ముగిసిందనుకుంటామని కొందరు తేల్చేశారు. లారా వేదనను ఆమె దృష్టి నుండి చెప్పినందుకు 1992 చిత్రాన్ని గౌరవించే అభిమానులలో కొందరికి మరొక అభ్యంతరం ఉంది. ఆమె మరణాన్ని చెరిపివేయడమంటే ఆమె చూపిన ధైర్యాన్ని కూడా చెరిపివేయడమే కదా అని వారు అడిగారు. మరికొందరు ఇదే ముగింపు ఉద్దేశమన్నారు. జరిగిన ఘోరాన్ని జరగలేదనిపించాలన్న కూపర్ తపన ఓడిపోవలసినదే. ఆ కేక లారా జ్ఞాపకం తిరిగి రావడమే. దీపాలు ఆరడాన్ని జూడీ అనే దుష్టశక్తి ఓటమిగా భావించి, ఇది కూపర్ విజయమని వాదించినవారూ ఉన్నారు. తలుపు తీసిన స్త్రీ పాత్రలో ఆ ఇంటి నిజమైన యజమానురాలే నటించింది. కూపర్ కథలోకం దాటి ప్రేక్షకుల లోకంలోకి వచ్చిపడ్డాడనే వ్యాఖ్యానానికి ఇది ఆధారమయింది.

17, 18 భాగాలను పక్కపక్కన ఒకేసారి నడిపిస్తే దృశ్యాలు ఒకదానికొకటి సరిపోతాయన్న సిద్ధాంతం కొన్నాళ్ళు ప్రచారంలో ఉన్నది. అది పట్టుదలకు నిదర్శనమే కానీ రుజువు కాదు. 2019లో ఒక అభిమాని విడుదల చేసిన నాలుగున్నర గంటల వీడియో, ధారావాహిక మొత్తం టెలివిజన్ హింస గురించి, దానిని ఆస్వాదించే ప్రేక్షకుల గురించి అని వాదించింది. దానికి మద్దతు ఎంత వచ్చిందో, అన్నిటికీ ఒకే తాళంచెవి ఉంటుందా అన్న విమర్శ కూడా అంత వచ్చింది. లించ్ ఎన్నడూ వివరణ ఇవ్వలేదు. ఫ్రాస్ట్ 2017 అక్టోబరులో వెలువరించిన ది ఫైనల్ డోసియర్ అనే పుస్తకం, కొత్త కాలక్రమంలో లారా హత్యకు గురికాలేదని, అదృశ్యమైందని చెబుతుంది. పుస్తకాన్ని కథలో భాగంగా లెక్కించాలా వద్దా అన్నది మరొక వివాదం.

తరువాతి పరిణామాలు

ఫ్రెంచి సినిమా పత్రిక కైయే దు సినెమా దీనిని 2017 సంవత్సరపు అత్యుత్తమ చిత్రంగా, ఆపై ఆ దశాబ్దపు అత్యుత్తమ చిత్రంగా ఎంపిక చేసింది. టెలివిజన్ ధారావాహిక సినిమా ఎలా అవుతుందన్న వాదన దీనితో మొదలైంది. ఇది 18 గంటల చిత్రమని లించ్ ముందే చెప్పి ఉన్నాడు. ఎమ్మీ పురస్కారాలలో దర్శకత్వానికి, రచనకు నామినేషన్లు దక్కినా, మూడు భిన్న రూపాలను పోషించిన మెక్‌లాక్లన్‌కు నామినేషన్ రాకపోవడం అభిమానులకు రుచించలేదు.

ఆ తరువాత కొత్త భాగాలేవీ రాలేదు. 2025 జనవరిలో లించ్ మరణించినపుడు, ఆయన ఒకప్పుడు నిత్యం వెళ్ళిన కాలిఫోర్నియా, బర్‌బాంక్‌లోని బాబ్స్ బిగ్ బాయ్ రెస్టారెంటు ముందు అభిమానులు పువ్వులు, కాఫీ కప్పులు, డోనట్లు ఉంచి నివాళులర్పించారు.