బాలింతకు కూలి ఎవరీయవలెను?

శంషాబాదు విమానాశ్రయమున రాకపోకలు 2008 మార్చిలో ఆరంభమైనవి. ఆ ప్రాంతమున నేడు రెండు విధములైన తల్లులు కానవచ్చుచున్నారు. ఒకరు కార్యాలయములలో నెలజీతముపై పనిచేయువారు. మరియొకరు పాలమూరు పల్లెలనుండి వలసవచ్చి, చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, కట్టడములకడ ఇటుక మోయువారు. ఇద్దరి బిడ్డలకును మొదటి ఆరుమాసములు తల్లిపాలే ఆహారము. ఆ ఆరుమాసములు తల్లి ఇంటిపట్టున నుండినచో ఇల్లు గడచుట ఎట్లు? ఈ ప్రశ్నకు మన దేశములో నూరేండ్ల చరిత్ర కలదు. దానినే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

పూర్వము మన ఇండ్లలో దీనికొక సమాధానముండెను. తొలికాన్పునకు కూతును పుట్టింటికి తెచ్చుకొని, పురుడు పోసి, పథ్యము పెట్టి, బిడ్డ కొంత గట్టిపడిన తరువాత అత్తవారింటికి పంపెడివారు. అనగా బాలింత విశ్రాంతికి పుట్టిల్లే ఖజానా. కాని ఆ ఇంట గాదెలో గింజలుండవలెను గదా! తల్లియు కూలికే పోవు ఇంట ఆ ఆచారము ముచ్చటగానే మిగిలినది.

మిల్లులు వెలసిన పిమ్మట ఈ విషయము శాసనసభల కెక్కినది. 1919లో వాషింగ్టనులో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభ, పరిశ్రమలలోని స్త్రీలకు 12 వారముల ప్రసూతి విశ్రాంతిని, ఆ కాలమునకు భృతిని నిర్దేశించినది. 1924లో ఎన్. ఎం. జోషీ కేంద్ర శాసనసభలో తెచ్చిన బిల్లు వీగిపోయినది. 1929లో బొంబాయి రాష్ట్రము తొలి చట్టము చేసినది. తరువాత మదరాసు రాష్ట్రమును అట్లే చేయగా, నాటి ఆంధ్ర జిల్లాలు దాని క్రిందికి వచ్చినవి.

బొంబాయి బిల్లుపై 1928లో జరిగిన చర్చలో డాక్టరు అంబేడ్కరు చెప్పిన మాట గమనింపదగినది. తల్లికి విశ్రాంతి నిచ్చుట జాతి క్షేమమునకు సంబంధించినది గనుక, ఆ భారములో అధికభాగము ప్రభుత్వమే వహింపవలెనని వారి వాదము. అంతవరకు యజమానులను బాధ్యతనుండి తప్పింపరాదనియు వారనిరి.

ఆ వాదములోని రెండవ సగమే ముందు నెరవేరినది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టము 12 వారముల జీతమును యజమానిపై నుంచినది. 2017లో ఆ గడువు 26 వారములైనది. కాని యజమాని పుస్తకములో పేరులేని స్త్రీకి ఈ చట్టమువలన ఒరిగినదేమి? ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలుపై రోజుకూలికి పనిచేయు స్త్రీలు ఈ మాటనే అడిగిరి. వారికిని ఈ హక్కు కలదని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పినది. అయినను మస్టరులో పేరైనను లేనివారు లక్షలాదిగా మిగిలిరి.

వారిని ప్రభుత్వము పట్టించుకొనుట ఇటీవలి ముచ్చట. 2010లో 52 జిల్లాలలో ప్రయోగముగా ఆరంభించిన ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ పథకములో మన నల్లగొండ, పశ్చిమ గోదావరి జిల్లాలు చేరినవి. పోయిన కూలికి బదులుగా 4,000 రూపాయలు దాని పరిమాణము. 2013 నాటి ఆహారభద్రతా చట్టము 6,000కు తగ్గరాదన్నది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము కేసీఆర్ కిట్ పథకమును ఆరంభించినది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పైనచో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలను, టీకాలతో ముడిపెట్టి, విడతలుగా ఇచ్చునట్లు అందు ఏర్పాటు చేసిరి.

ఇది చిన్న సాయము కాదు. కాని లెక్కించి చూతము. 26 వారములనగా 182 దినములు. 12,000 రూపాయలను వానిపై పంచినచో దినమునకు 66 రూపాయలు. ఫిన్‌లాండు దేశమున మూడేండ్లలోపు బిడ్డను ఇంట పెంచు తల్లికిగాని తండ్రికిగాని నెలనెల భత్యమిచ్చు చట్టము 1985లోనే చేసిరి. అచ్చట బిడ్డను సాకుటయు ఒక పనిగా లెక్కకు వచ్చినది.

కార్యాలయములోని తల్లి 26 వారములు జీతముతో ఇంట నుండగలుగుట మనకు సంతోషము. ఇటుక మోయు తల్లి మాత్రము 66 రూపాయలతో ఎన్నినాళ్లు ఇంట నుండగలదు? ఆమె బిడ్డ కట్టడము ప్రక్కనే చీర ఉయ్యాలలో పెరుగుటకు ఆమె అజ్ఞానము కారణము కాదు. జాతి చేయవలసిన వ్యయమును ఇన్నాళ్లు ఆ తల్లియే తన కూలిలోనుండి చెల్లించుచున్నది. 1928 నాటి మాటలోని మొదటి సగము ఇంకను బాకీయే యని మా మనవి.