నురుగులో మొదలై తుంటి దాకా: కోబాల్టు కథ

అమెరికా టెలివిజన్‌లో 2004 నుండి 2012 దాకా ప్రసారమైన ‘హౌస్’ ధారావాహికను మన తెలుగువారిలోనూ చాలామంది చూసే ఉంటారు. రోగులను కసురుకుంటూ, నొప్పి మాత్రలు మింగుతూ, కుంటుతూ తిరిగే డాక్టర్ గ్రెగరీ హౌస్ దగ్గరికి వారానికొక విడ్డూరమైన వ్యాధి వస్తుంది. లోకంలోని అరుదైన జబ్బులన్నీ ఒక్క ఆసుపత్రికే రావడం కల్పనే, సందేహం లేదు. అయితే అందులో కనిపించే జబ్బులకు మాత్రం చరిత్ర ఉంది. వాటిలో నన్ను బాగా ఆకర్షించినది కోబాల్టు విషం.

2011 ఫిబ్రవరిలో ప్రసారమైన భాగంలో ఒక వృద్ధురాలి జబ్బు ఎవరికీ అంతుపట్టదు. చివరికి దోషి ఆమె కృత్రిమ తుంటి కీలని తేలుతుంది. ఆ లోహపు కీలు నుండి కోబాల్టు రక్తంలోకి చేరుతోంది.

ఈ లోహానికి పేరులోనే భూతముంది. పూర్వం జర్మనీ గనుల్లో ఒక రకం ముడిరాయిని కాలిస్తే వెండి రాకపోగా విషపు పొగ వచ్చేది. గనిలో తిరిగే ‘కోబోల్డ్’ అనే కొంటె దెయ్యం పనే ఇదని పనివారు నమ్మారు. ఆ పొగ నిజానికి ఆర్సెనిక్‌ది. పేరు మాత్రం కోబాల్టుకు అంటుకుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఇదే కోబాల్టు లవణాన్ని రక్తహీనతకు మందుగా వాడారు. ఎర్ర రక్తకణాలు పెరిగిన మాట నిజమే గాని, కొందరికి థైరాయిడ్ గ్రంథి దెబ్బతిన్నది.

అసలు విషాదం కెనడాలోని క్యుబెక్ నగరంలో జరిగింది. గ్లాసులు కడిగే కొత్త సబ్బుల వల్ల బీరు నురుగు నిలవడం లేదని, సారాయి కంపెనీలు అందులో కొద్దిగా కోబాల్టు కలపసాగాయి. 1965 ఆగస్టు మొదలు 1966 ఏప్రిల్ లోపల, బీరు విపరీతంగా తాగే 48 మంది గుండె కండరం చెడి ఆసుపత్రి పాలయ్యారు. వారిలో 20 మంది మరణించారు. కోబాల్టు కలపడం మానగానే కొత్త రోగులు రావడం ఆగిపోయింది. ఇక్కడొక చిక్కు ఉంది. రక్తహీనతకు మందుగా పుచ్చుకున్నవారు అంతకన్నా ఎక్కువ కోబాల్టే మింగారు, వారి గుండెలు మాత్రం ఇలా చెడలేదు. తిండి సరిగా లేని తాగుబోతుల శరీరం ఆ విషాన్ని తట్టుకోలేకపోయిందని వైద్యులు భావించారు. గుప్పెడు నురుగు కోసం ఇరవై ప్రాణాలు!

బీరు నుండి తొలగిన కోబాల్టు, లోహపు కీళ్ళ రూపంలో మళ్ళీ ఒంట్లోకి వచ్చింది. అలాస్కాలో ఎముకల శస్త్రవైద్యుడు స్టీఫెన్ టవర్ తన తుంటిలోని కీలు వల్ల తానే ఈ విషానికి గురై, 2010లో ఆ సంగతిని వైద్యలోకానికి తెలియజేశాడు. అంటే, నాటకం చూపినది అప్పటికే పత్రికల్లో అచ్చయి ఉన్నదే. కాని అచ్చయినంత మాత్రాన అందరికీ గుర్తుంటుందా?

2012 మే నెలలో జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి 55 ఏళ్ళ వ్యక్తి ఒకరు వచ్చారు. గుండె తీవ్రంగా బలహీనపడింది, కారణం తెలియని జ్వరం, థైరాయిడ్ మందగించింది, చూపూ వినికిడీ తగ్గిపోతున్నాయి. గుండె రక్తనాళాల్లో అడ్డంకులు లేవు. అక్కడి ఆచార్యుడు యుర్గెన్ షేఫర్ ఎన్నో ఏళ్ళుగా ‘హౌస్’ భాగాలను చూపి విద్యార్థులకు పాఠాలు చెబుతున్నవాడు. ఆ లక్షణాల వరుస వినగానే ఆయనకు ఆ వృద్ధురాలు గుర్తుకొచ్చింది. రోగి తుంటిని ఎక్స్‌రే తీయించాడు. అంతకుముందు పగిలిన సెరామిక్ కీలును తీసి 2010లో లోహపు కీలు పెట్టారట. మిగిలిపోయిన సెరామిక్ ముక్కలు ఉప్పుకాగితంలా ఆ లోహాన్ని అరగదీస్తున్నాయి. రక్తంలో కోబాల్టు, క్రోమియం విపరీతంగా ఉన్నాయి.

ఈ ఉదంతం 2014 ఫిబ్రవరిలో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చినప్పుడు, టీవీ చూసి రోగం కనిపెట్టారని వార్తాపత్రికలు సంబరపడ్డాయి. ఆ మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. క్యుబెక్‌లో చనిపోయినవారి సంగతి అర్ధశతాబ్దంగా గ్రంథాలయాల్లో ఉంది. దాన్ని ఒక ముసలమ్మ కథగా మలిచి చెప్పాకే అది అవసరమైన వేళకు జ్ఞాపకం వచ్చింది.

మార్బుర్గ్ రోగికి లోహపు కీలు తీసి మళ్ళీ సెరామిక్ కీలు అమర్చారు. విషం తగ్గింది, జ్వరం పోయింది, గుండె కొంత కోలుకుంది. చూపు, వినికిడి మాత్రం పెద్దగా తిరిగి రాలేదు.